నబీ, గురువు, పీరు: ‘ప్రవక్త’ అన్న ఒక్క తెలుగు మాటలో కలిసిపోయిన తేడాలు

కర్నూలు, అనంతపురం, కడప పల్లెల్లో నబీసాబ్, రసూల్, దస్తగిరి, పీరయ్య అన్న పేర్లు వినపడని ఊరు అరుదు. ముస్లింల ఇళ్లలోనే కాదు, హిందువుల ఇళ్లలోనూ దస్తగిరయ్యలు, హుసేనప్పలు, ఫకీరప్పలు ఉంటారు. పిలిచేటప్పుడు అర్థం ఎవరూ వెతకరు గానీ ఈ పేర్లన్నీ ఒకే మెట్టు మీద ఉన్నవి కావు. నబీ, రసూల్ అన్నవి దేవుడు ఎంచుకుని పంపిన మనిషికి వాడే మాటలు. దస్తగిరి అన్నది 1166లో కన్నుమూసిన బాగ్దాదు సూఫీ అబ్దుల్ ఖాదిర్ జీలానీ బిరుదు. చేయి పట్టుకుని నడిపించేవాడని దాని అర్థం. పీరు అంటే దారి చూపే పెద్ద. ఆ మెట్లను మన పేర్లే శతాబ్దాలుగా విడివిడిగా దాచిపెట్టాయి. తెలుగులో రాయబోయేసరికి మాత్రం అన్నింటినీ కలిపి ‘ప్రవక్త’ అనో ‘మత గురువు’ అనో అనేస్తున్నాం.

ఏటా రెండు సందర్భాల్లో ఈ గందరగోళం బయటపడుతుంది. కార్తీక పౌర్ణమికి ‘సిక్కు మత ప్రవక్త గురునానక్’ అని, మిలాదున్నబీకి ‘ఇస్లాం మత గురువు ముహమ్మద్’ అని శుభాకాంక్షలు కనిపిస్తుంటాయి. రెండూ మర్యాదతో రాసినవే. కానీ మొదటి మాట నానక్‌ను ఆయన తనకోసం వాడుకోని చట్రంలో కూర్చోబెడుతుంది. రెండోది ముస్లిం విశ్వాసానికి ప్రాణం లాంటి ఒక పదవిని మామూలు బోధకుడి స్థాయికి దించుతుంది.

ప్రవక్త అంటే కాలజ్ఞానం చెప్పేవాడా?

మన ప్రాంతంలో ఈ అనుమానం సహజం. బనగానపల్లెలో కాలజ్ఞానం రాసి, కందిమల్లాయపల్లెలో సమాధి అయ్యారని చెప్పుకునే పోతులూరి వీరబ్రహ్మం గారి నేల ఇది. రాబోయేది ముందే చెప్పిన మహానుభావుడు అన్న రూపం మన మనసులో గట్టిగా పాతుకుపోయింది. ‘ప్రవక్త’ అనగానే ఆ రూపమే ముందుకొస్తుంది.

ఖుర్ఆన్‌లోని ప్రవక్త భావం వేరే చోట మొదలవుతుంది. తనకు అగోచరం తెలిసి ఉంటే తన మేలు తానే బాగా చూసుకునేవాడినని, తాను హెచ్చరించేవాడిని, శుభవార్త అందించేవాడిని మాత్రమేనని చెప్పమని 7వ సూరా (అధ్యాయం) 188వ వాక్యం ముహమ్మద్ ప్రవక్తను ఆదేశిస్తుంది. జరగబోయేవాటి ప్రస్తావన ఖుర్ఆన్‌లో లేకపోలేదు. ఓడిపోయిన రోమనులు కొద్ది ఏళ్లలో మళ్లీ గెలుస్తారని 30వ సూరా చెబుతుంది. అయితే అది దేవుడు తెలిపిన సంగతి. ప్రవక్త దాన్ని చేరవేశాడు. ముందుచూపు ప్రవక్తకు అర్హత కాదు, చేరవేయడమే అర్హత. సంస్కృతం నుంచి వచ్చిన ‘ప్రవక్త’ అన్న మాటకు కూడా ‘బయటకు చెప్పేవాడు’ అనే అర్థం. జోస్యం దానికి మనం తగిలించిన అర్థం.

నబీ, రసూల్, పైగంబర్

అరబ్బీ ‘నబీ’ అన్న మాటను ‘వార్త’ అనే మూలంతో కలుపుతారు. ‘రసూల్’ అంటే పంపబడినవాడు. పారశీకం నుంచి ఉర్దూలోకి, అక్కణ్ణుంచి మన మాటల్లోకి వచ్చిన ‘పైగంబర్’ అంటే పైగామును, అంటే సందేశాన్ని మోసేవాడు. మూడు మాటల్లోనూ మనిషి కన్నా మోస్తున్న సరుకే ముఖ్యం.

నబీకీ రసూల్‌కీ తేడా ఏమిటన్న దాని మీద పండితుల్లో అభిప్రాయభేదాలున్నాయి. ఎక్కువగా చెప్పే మాట ఇది: ప్రతి రసూల్ నబీయే, ప్రతి నబీ రసూల్ కాడు. కొత్త ధర్మశాస్త్రంతోనో, తిరస్కరించే జాతి దగ్గరికో ప్రత్యేకంగా పంపబడినవాడు రసూల్. ఖుర్ఆన్ పేరుపెట్టి చెప్పిన ప్రవక్తలు 25 మంది. ఆదమ్, నూహ్, ఇబ్రాహీం, మూసా, దావూద్, ఈసా (యేసు) అందులోని వారే. మొత్తం లక్షా ఇరవై నాలుగు వేల మంది అన్న సంఖ్య ప్రవక్త మాటలను, పనులను చెప్పే హదీసుల నుంచి వచ్చింది. దాని ప్రామాణికత మీద పండితులు చర్చించుకుంటూనే ఉన్నారు. అయితే కొందరి కథలు చెప్పాం, కొందరివి చెప్పలేదు అని 40వ సూరా 78వ వాక్యం స్పష్టంగానే అంటుంది. ఈ వాక్యంతో మళ్లీ పనిపడుతుంది.

క్రీ.శ. 610లో మక్కా దగ్గరి హిరా గుహలో జిబ్రీల్ దూత ‘చదువు’ అన్నాడని, ‘నేను చదవలేను’ అని ముహమ్మద్ బదులిచ్చారని ఇస్లాం సంప్రదాయం చెబుతుంది. అప్పుడు అందినవి ఇప్పుడు 96వ సూరాలో ఉన్న మొదటి 5 వాక్యాలు. అక్కణ్ణుంచి 632లో ఆయన మరణించేదాకా విడతలు విడతలుగా అందినదే ఖుర్ఆన్. ఇలా అందడాన్ని ‘వహీ’ అంటారు. ఇక్కడ ప్రవక్త రచయిత కాడు. ‘నేనూ మీలాంటి మనిషినే, నాకు వహీ వస్తుంది, అంతే’ అని చెప్పమన్నది కూడా ఖుర్ఆనే (18:110).

గ్రంథం ఒకటి, నడత ఒకటి

ప్రవక్త సొంత మాట ఖుర్ఆన్‌లో లేకపోతే, గ్రంథం చేతికి అందాక ప్రవక్తతో పనేముంది? ఒక లెక్క చూస్తే జవాబు దొరుకుతుంది.

జకాత్ అనే తప్పనిసరి దానం ఇవ్వమని ఖుర్ఆన్ పదే పదే చెబుతుంది, ఎవరెవరికి ఇవ్వాలో కూడా చెబుతుంది. ఎంత ఇవ్వాలో చెప్పదు. వెండిలో నలభయ్యో వంతు అన్న లెక్క హదీసులో ఉంది. దాన్నే మన దేశంలో బంగారమైతే ఏడున్నర తులాలు, వెండి అయితే యాభై రెండున్నర తులాలు కనీస పరిమితిగా పెట్టుకుని, నగదుకు కూడా రెండున్నర శాతం లెక్కగడతారు. ఆ పరిమితి దాటి ఏడాది పాటు చేతిలో నిలిచిన సొమ్ము 4 లక్షలుంటే 10 వేలు జకాత్. నమాజూ అంతే. నమాజు ఆజ్ఞ ఖుర్ఆన్‌ది. తెల్లవారుజామున 2 రకాతులు (నమాజు ఆవృత్తులు), మధ్యాహ్నం 4, సాయంకాలం 4, పొద్దుగూకాక 3, రాత్రి 4, మొత్తం 17 తప్పనిసరి రకాతులు అన్న కొలత ప్రవక్త నడతది. ఈ నడతకే సున్నత్ అని పేరు.

అంటే ఇస్లాంలో రెండు పాత్రలున్నాయి. ఒక దాంట్లో దేవుడి మాట, ఇంకో దాంట్లో ఆ మాటను నడిచి చూపిన మనిషి మాట. మొదటిది ఖుర్ఆన్, రెండోది హదీసు. ఈ రెండింటినీ కలవకుండా కాపాడటం కోసం ఎవరు ఎవరి దగ్గర విన్నారో వరుసగా పేర్లు తవ్వి పరీక్షించే ఒక శాస్త్రమే పుట్టింది. ప్రవక్త మనిషే, కానీ ఆయన లేకుండా గ్రంథాన్ని ఆచరణలోకి తేలేం. ముస్లింలు విశ్వాసాన్ని ప్రకటించే సాక్ష్యవచనంలో దేవుడి ఏకత్వం పక్కనే ముహమ్మద్ పేరు ఉండటానికి కారణం ఇదే.

ఇక వలీలు. కడప పెద్ద దర్గాలో గానీ, మరే దర్గాలో గానీ సమాధి అయిన పీర్లు ఈ వర్గం వారు. వలీ అంటే దేవుడికి దగ్గరైనవాడు. ఆయన చూపిన మహిమను ‘కరామత్’ అంటారు, ప్రవక్త చూపిన దాన్ని ‘మోజిజా’ అంటారు. రెండూ మన భాషలో మహిమలే అయినా పేర్లు వేరుగా పెట్టుకోవడం వెనక మెట్టు తేడా ఉంది. వలీ కొత్త సందేశం తేడు. పీర్ల పండక్కి గూగూడులో గానీ మన ఊరి చావిడిలో గానీ ఎత్తే పీర్లు మళ్లీ వేరు. అవి ప్రవక్త మనవలు హసన్, హుసేన్ల పేర్లతో, కర్బలా జ్ఞాపకంగా నిలిపే పంజాలు.

పనిలేని పాటగాణ్ణి పనిలో పెట్టుకున్నాడు

సిక్కు మార్గంలోకి వస్తే సరుకే మారిపోతుంది.

1469లో, ఇప్పుడు పాకిస్తాన్‌లో నన్‌కానా సాహిబ్ అంటున్న తల్వండీలో నానక్ పుట్టారు. సుల్తాన్‌పూర్ లోధీలో కొలువు చేస్తుండగా ఒక ఉదయం బేయీ నదిలో స్నానానికి దిగి కనిపించకుండా పోయి, మూడో రోజు బయటకొచ్చి ‘హిందువూ లేడు, ముసల్మానూ లేడు’ అన్నారని ఆయన జీవితాన్ని చెప్పే జనమ్‌సాఖీ కథలు చెబుతాయి. పైకి చూస్తే హిరా గుహ ఘట్టానికి ఇది దగ్గరగా ఉంది. అందుకే ‘సిక్కు ప్రవక్త’ అన్న మాటను సమర్థించేవాళ్లు ముందుగా దీన్నే చూపిస్తారు. సిక్కు విద్వాంసుల్లోనూ ఆ వాదన బలంగా ఉంది. నానక్ కబీరు లాంటి సంతు కవుల్లో ఒకరు మాత్రమేనని కొందరు చరిత్రకారులు అన్నప్పుడు, కాదు, ఆయనకు దేవుడి నుంచి నేరుగా ఆదేశం అందింది అని చెప్పడానికి ‘ప్రవక్త’ అన్న మాట వాళ్లకు పనికొచ్చింది.

ఆ వాదనకు ఆధారాలు నానక్ వాక్కులోనే ఉన్నాయి. నా యజమాని మాట ఎలా వస్తే అలాగే చెబుతున్నాను అని లాలో అనే శిష్యుడితో ఆయన అన్నారు. నాకై నేను మాట్లాడటం ఎరగను, చెప్పిందంతా ఆయన ఆజ్ఞే అని అయిదో గురువు అర్జన్ అన్నారు. కానీ అదే నానక్ తన పిలుపు గురించి చెప్పుకున్న చోట దూత లేడు, ‘చదువు’ అన్న ఆజ్ఞ లేదు. పనిలేని పాటగాణ్ణి, ప్రభువు పనిలో పెట్టుకున్నాడు, తన కొలువుకు పిలిచి కీర్తన అనే వస్త్రం కప్పాడు అంటారు. సందేశం మోసే వార్తాహరుడికీ, కొలువులో పాడే పాటగాడికీ ఉన్నంత తేడా ఇది. పాటగాడి నోట వచ్చేది అతని పాటే. రాగం, ఛందస్సు, పేరు అన్నీ అతనివే. అయినా సిక్కులకు అది దైవవాక్కు. గురు గ్రంథ సాహిబ్‌లో అత్యధిక భాగం 31 రాగాల కింద ఏర్పరచి ఉండటం యాదృచ్ఛికం కాదు. ఇస్లాంలో రెండు పాత్రల్లో విడిగా ఉన్నది ఇక్కడ ఒకే పాత్రలో ఉంది.

మన వేమన పద్యాలతో పోలిస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. ‘విశ్వదాభిరామ వినుర వేమ’ అన్న మకుటంతో తర్వాతి కాలంలో ఎవరెవరో పద్యాలు కట్టారు, ఏది వేమనదో ఏది కాదో తేల్చలేక పరిశోధకులు ఇప్పటికీ తలపట్టుకుంటున్నారు. సిక్కు గురువులు కూడా ఒకే మకుటం వాడారు. గ్రంథంలో ఆరుగురు గురువుల రచనలుంటే ఆరుగురూ ‘నానక్’ అనే సంతకం చేశారు. కానీ 1604లో గ్రంథాన్ని కూర్చిన గురు అర్జన్ రచనల పైన మహలా 1, మహలా 3, మహలా 5 అని అంకె వేయించారు. మొదటి గురువుది 1, మూడో గురువు అమర్‌దాస్‌ది 3. రాసింది ఎవరో మరుగున పడలేదు, పలికింది మాత్రం ఒక్క నానకే.

ఇలా ఎందుకంటే, సిక్కు సిద్ధాంతంలో గురువు అంటే దేహం కాదు, జ్యోతి. ‘అదే జ్యోతి, అదే మార్గం, మారింది దేహం మాత్రమే’ అని గురుపరంపరను వర్ణించిన వాక్యం గ్రంథంలోనే ఉంది. 1539లో నానక్ తన ఇద్దరు కొడుకులను కాదని లెహణా అనే శిష్యుణ్ణి ఎంచుకుని, నా అంగంలో భాగమని ‘అంగద్’ అన్న పేరు పెట్టారు. ఎనిమిదో గురువు హరికిషన్‌కు ఆ స్థానం వచ్చేసరికి అయిదేళ్లు. జ్యోతి అన్న భావం లేకపోతే అయిదేళ్ల పిల్లవాడు గురువు ఎలా అవుతాడన్నది అర్థమే కాదు.

పుస్తకం గురువైన రోజు

1708లో గోదావరి ఒడ్డున నాందేడ్‌లో పదో గురువు గోవింద్ సింగ్ తన తర్వాత మనిషిని నియమించలేదు. గ్రంథమే గురువు అన్నారు. బయటివాళ్లకు ఇది హఠాత్తుగా అనిపించవచ్చు గానీ దారి చాలా ముందే పడింది. నీ గురువెవరు అని సిద్ధులు అడిగితే ‘శబ్దమే గురువు’ అని నానక్ చెప్పారు. వాక్కే గురువు, గురువే వాక్కు అని నాలుగో గురువు రామ్‌దాస్ అన్నారు. గురువు మొదటినుంచీ శబ్దమే అయినప్పుడు, దేహం పక్కకు తప్పుకున్నా స్థానం ఖాళీ కాదు.

గురుద్వారాలో ఇది రోజూ కనిపిస్తుంది. తెల్లవారగానే గ్రంథాన్ని పందిరి కింద పీఠం మీద తెరుస్తారు, చామరం వీస్తారు, రాత్రి మూసి విశ్రాంతి గదికి తీసుకెళ్తారు. ఉదయం ఏదో ఒక పుట తెరిచి ఎడమ వైపు పైన ఉన్న కీర్తన చదువుతారు. అది వెనక పుటలో మొదలై ఉంటే వెనక్కి తిప్పి మొదటినుంచి చదువుతారు. ఆ రోజుకు అది గురువు ఆజ్ఞ, హుకమ్‌నామా. గ్రంథం 1430 పుటలు. వాటిని పుటలు అనరు, ‘అంగ్’ అంటారు, అవయవమని అర్థం. దేవుడి మాన్యం దేవుడి పేరునే ఉండటం మన గుళ్లలో తెలిసిన పద్ధతే. అలాగే గురు గ్రంథ సాహిబ్‌ను న్యాయ దృష్టిలో వ్యక్తిగా గుర్తించవచ్చని 2000లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అక్కడ వివాదం కూడా భూమి పట్టా గురించే.

ముస్లింలకు ఖుర్ఆన్ మీద ఉన్న భక్తి తక్కువేమీ కాదు. కానీ ఖుర్ఆన్‌ను ఎవరూ ‘రసూల్’ అనరు. అనే వీలు ఆ సిద్ధాంతంలో లేదు. ‘ప్రవక్త’ అన్న ఒక్క మాట రెండు మతాలకూ సరిపోదన్నది ఇక్కడే తేలిపోతుంది.

అవతారం అన్న మూడో మాట

తెలుగువాళ్లకు ఇంకో మాట అలవాటు, అవతారం. ఇస్లాంలో దీనికి చోటే లేదు. దేవుడికి సాటి కల్పించడం ‘షిర్క్’, అన్నింటికన్నా పెద్ద పాపం. సిక్కుల మూలమంత్రం కూడా దేవుణ్ణి ‘అజూనీ’ అంటుంది, పుట్టుక లేనివాడని. దేవుడు గర్భంలోంచి వస్తాడన్న నోరు కాలిపోవాలి అన్నంత కఠినంగా గురు అర్జన్ పలికారు.

కానీ అదే అర్జన్ ‘గురువునూ పరమేశ్వరుణ్ణీ ఒకటిగా తెలుసుకో’ అని కూడా అన్నారు. గ్రంథం చివరిలో భట్టు కవులు గురువులను పొగిడిన పద్యాల్లో త్రేతాయుగంలో రఘువంశ రాముడు, ద్వాపరంలో కృష్ణ మురారి, కలియుగంలో నానక్ అన్న వరుస ఉంది. వీటిని చూపించి గురువులు అవతారాలేనని కొందరు వాదిస్తారు. సిక్కుల్లో ఎక్కువమంది ఒప్పుకోరు. జ్యోతి ఒక్కటేనని చెప్పడానికి భట్టులు తమకు తెలిసిన స్తుతిభాష వాడారని, మూలమంత్రాన్ని దాటి ఏ పద్యాన్నీ చదవకూడదని అంటారు. నాకు ఈ రెండో పఠనమే సరైనదిగా తోస్తుంది, అజూనీ అన్న మాట గ్రంథం మొదటి వాక్యంలోనే ఉంది కాబట్టి. అయినా గురువును పరమేశ్వరుడితో ఒకటిగా చూడమనే ఈ భాష ఇస్లాం ప్రవక్త విషయంలో ఊహకందదు. ఆయనను ఎంత ప్రేమించినా ‘అబ్దుహూ వ రసూలుహూ’ అనే అంటారు. ముందు దేవుడి దాసుడు, తర్వాత ఆయన పంపినవాడు.

తలుపు మూసిన చోట తగవులు

రెండు మతాల్లోనూ ఒక ముగింపు ఉంది. ఖుర్ఆన్ 33వ సూరా 40వ వాక్యం ముహమ్మద్‌ను ‘ఖాతమన్నబియ్యీన్’ అంటుంది. ఖాతమ్ అంటే ముద్ర. ఉత్తరం మడిచి ముద్ర వేశాక ఇంకేమీ చేర్చలేనట్టు, ప్రవక్తల వరుస ముగిసిందని ముస్లింలలో దాదాపు అందరి విశ్వాసం. ఈసా మళ్లీ వస్తాడని నమ్మేవాళ్లు కూడా ఆయన కొత్త ప్రవక్తగా రాడని వివరిస్తారు. పంజాబులోని ఖాదియాన్‌కు చెందిన మీర్జా గులాం అహ్మద్ 1889లో మొదలుపెట్టిన అహ్మదీయ ఉద్యమంలో ప్రధాన వర్గం ఆయనకు ముహమ్మద్‌కు లోబడిన, కొత్త శాస్త్రం లేని ప్రవక్త స్థానం ఉందంటుంది. 1914లో విడిపోయిన లాహోరు వర్గం ఆయన సంస్కర్త మాత్రమే అంటుంది. మిగతా ముస్లింలు మొదటి వాదనను అంగీకరించరు. పాకిస్తాన్ 1974లో రాజ్యాంగాన్ని సవరించి అహ్మదీయుల రెండు వర్గాలనూ ముస్లిమేతరులుగా ప్రకటించింది.

సిక్కుల్లో ఇలాంటి గీత 1708 దగ్గర ఉంది. గోవింద్ సింగ్ నాందేడ్‌లో చనిపోలేదని, దేహధారి గురువుల పరంపర బాలక్ సింగ్, రామ్ సింగ్‌ల ద్వారా సాగుతోందని నామ్‌ధారీలు అనే సిక్కు శాఖవారు నమ్ముతారు. మిగతా సిక్కులు ఒప్పుకోరు. తగవులు ఒకేలా ఉన్నా మూసిన తలుపులు ఒకటి కావు. ఇస్లాంలో కొత్త ప్రవక్త రాకుండా తలుపు మూశారు. సిక్కు మార్గంలో గురువు లోపలే ఉన్నాడు, ఇంకో దేహం రావడమే ఆగిపోయింది.

1469 అన్న తేదీ అడ్డుపడటం

ఇక నేరుగా అడిగే ప్రశ్న: నానక్‌ను ముస్లిం ప్రవక్తగా ఒప్పుకోవచ్చా? ఇక్కడ 40:78 పనికొస్తుంది. పేరు చెప్పని ప్రవక్తలున్నారు కాబట్టి పాతకాలంలో భారతదేశానికి కూడా వచ్చి ఉండవచ్చని 18వ శతాబ్దపు ఢిల్లీ సూఫీ మీర్జా మజ్హర్ జానేజానా లాంటివారు ఆలోచించారు. అయితే ఆ వెసులుబాటు ముహమ్మద్‌కు ముందరి కాలానికే. 1469లో పుట్టినవారికి అది వర్తించదు. నానక్‌ను జ్ఞానిగా, ఏకేశ్వరోపాసకుడిగా, ‘బాబా నానక్’గా గౌరవించిన ముస్లింలు ఎందరో ఉన్నారు. ఆయన వెంట రబాబు వాయిస్తూ తిరిగిన మర్దానా ముస్లిం కుటుంబంలో పుట్టినవాడే. ప్రవక్త అన్న మాట దగ్గర మాత్రం తేదీయే గోడ.

ఎదురు ప్రశ్న: ముహమ్మద్‌ను సిక్కు ప్రవక్తగా ఒప్పుకుంటాడా? నానక్ వాక్కులో పీర్లు, పైగంబర్లు, షహీదులు, షేకులు, ఖాజీలు, దర్వేషులు గౌరవంగానే ఒక వరుసలో వస్తారు, దరూద్ (ప్రవక్తకు శుభం కోరే ప్రార్థన) చదివేవారి మీద కృప ఉంటుందని కూడా ఉంది. కానీ ముక్తికి ఫలానా ప్రవక్త మీద విశ్వాసం ఉండి తీరాలన్న షరతు అక్కడ లేదు.

ఈ రెండు కొలతలూ ఒకే మనిషి మీద పడిన చోటు ఒకటుంది. పాక్‌పట్టన్‌లో సమాధి అయిన 13వ శతాబ్దపు చిష్తీ సూఫీ షేక్ ఫరీద్ ముస్లింలకు వలీ. మన దస్తగిరి ఉన్న మెట్టే. ఆయన పేరుతో 4 కీర్తనలు, 112 శ్లోకాలు గురు గ్రంథ సాహిబ్‌లో ఉన్నాయి. గ్రంథమే గురువు కాబట్టి సిక్కు తల వంచి మొక్కే ఆ వాక్కులో ఫరీద్ వాక్కూ భాగమే. ఉదయం పుట తెరిచినప్పుడు ఆయన మాట వస్తే ఆ రోజు హుకమ్ ఆయనదే. ఒక శ్లోకంలో ఫరీద్, నా ఒళ్లు పొయ్యిలా మండనీ, ఎముకలు కట్టెల్లా కాలనీ, కాళ్లు అలసిపోతే తలతో నడిచైనా ప్రియుణ్ణి చేరుకుంటానంటాడు. దాని వెనకే నానక్ జవాబుంది. ఒళ్లు మండించుకోకు, ఎముకలు కాల్చుకోకు, తలా కాళ్లూ నీకేం అపకారం చేశాయి, ప్రియుడు నీలోనే ఉన్నాడు చూసుకో అని. ఆ జవాబు రాసి పెట్టారు గానీ, ఫరీద్ శ్లోకాన్ని తీసేయలేదు.